రెండో గీత

డబ్బా బుధవారం పొద్దున వచ్చింది. మనిషంత పొడుగుంది. తెచ్చినవాడు దాన్ని ఒంటిచేత్తో చంకలో ఇరికించుకుని లోపలికి వచ్చాడు. అంత డబ్బా అంత తేలిగ్గా రావడం చక్రాల మామకి మొదట్లోనే నచ్చలేదు.

"ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు వాడు.

మామ కిటికీ పక్క బల్ల చూపించాడు. చూపించాక గుర్తొచ్చింది, అది ఇప్పుడు తన బల్ల కాదని. మేనకోడలు అప్పటికే లేచి వచ్చి డబ్బాకి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఇటు, ఇటు. మెల్లిగా దించండి. కార్బన్ అది."

వాడు డబ్బా దించి, సంతకం ఆమె చేతే పెట్టించుకుని వెళ్ళాడు.

బల్ల మారి మూడు నెలలైంది. షాపులో వెలుతురు బాగుండేది ఆ ఒక్కచోటే. "చక్రాలకి నీకు వెలుతురెందుకోయ్, చెవితోనే సరిచేస్తావుగా," అన్నాడు బావ నవ్వుతూ. సైకిలు షాపు బావది. అక్క మొగుడు. ఆ మాట పొగడ్తో పక్కకి నెట్టడమో మామ తేల్చుకునేలోపే పనిముట్లు వెనక గోడ దగ్గరికి చేరిపోయాయి. అక్కడ మధ్యాహ్నం కూడా దీపం కావాలి. ఆ దీపం నీడ సరిగ్గా చేతుల మీదే పడుతుంది. స్పోకు పుల్ల మరలు చూడాలంటే ముక్కు దాకా తెచ్చుకోవాలి.

పిల్ల డబ్బా టేపు కోసింది. చిన్నప్పుడు బల్ల అంచున ఎక్కి కూర్చుని కాళ్ళూపేదని మామే పెట్టాడు ఆమెకి పిచ్చుక అని పేరు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. కార్బన్ పనికి వేరే ఊళ్ళో రెండేళ్ళు శిక్షణ తీసుకుని వచ్చింది. గోళ్ళు కత్తిరించుకుని, జుట్టు ఎత్తి ముడేసుకుని, శుభ్రమైన గుడ్డ పరిచి, ఫ్రేముని డబ్బాలోంచి పసిబిడ్డని తీసినట్టు తీసింది. తర్వాత ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు. రెండూ ఒకే రంగు. చెరువు అడుగున నాచులా నల్లగా, వంచి చూస్తే ఆకుపచ్చ.

"మామయ్యా, రా. చూడు."

"చూస్తున్నాలే."

"పట్టుకుని చూడు ఒకసారి."

మామ చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు. బరువే లేదు. గోటితో కొట్టాడు. ఇనప ఫ్రేము కొడితే గంటలా మోగుతుంది. దీన్ని కొడితే ఖాళీ అట్టపెట్టెలా టప్పుమంది.

"బొంగు," అన్నాడు.

పిల్ల నవ్వింది. అది నవ్వడానికన్న మాట కాదు.

గురువారం డ్రిల్లు టీచరమ్మ వచ్చింది. సైకిలు ఆవిడది. యాభై ఏళ్ళ మనిషి, నిటారుగా ఉంటుంది. కుడిచెయ్యి ఎప్పుడో విరిగి మోచెయ్యి పూర్తిగా సాగదు. ఏ సైకిలెక్కినా గంటకల్లా ఆ భుజం పట్టేస్తుంది. అందుకని ఒళ్ళంతా కొలిపించుకుని, ఆ వంకర చేతికి సరిపోయేలా ఈ ఫ్రేము ప్రత్యేకంగా చేయించుకుంది. నాలుగు నెలలు ఆగింది దీనికోసం. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం రెండొందల కిలోమీటర్ల రైడుంది. అది ఒక్కసారైనా పూర్తిచెయ్యాలని ఆవిడ పట్టు. ఇదివరకు రెండుసార్లు సగంలో దిగిపోయింది.

ఆవిడకి పాత ఇనప సైకిలు కట్టింది మామే. అప్పట్లో వచ్చినప్పుడల్లా మామ పక్కనే స్టూలు లాక్కుని కూర్చునేది. ఇవాళ గుమ్మంలోంచే పలకరించింది.

"ఏం మామా, బాగున్నావా? నీ ఇనప గుర్రం ఇంకా పరిగెడుతూనే ఉంది."

"మరి ఇదెందుకు?"

"గుర్రం బాగానే ఉందయ్యా. ఎక్కేదానికే ఓపిక అయిపోయింది." ఆవిడ మోచెయ్యి నిమురుకుంది. "చక్రాలు మాత్రం నువ్వే కట్టాలి. అమ్మాయికి ముందే చెప్పేశాను."

చక్రాలు మాత్రం. మామ తలూపాడు. ఆవిడ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది, పిల్ల పక్కన.

ఆ రోజు పిల్ల గేరు తీగ లోపలినుంచి లాగుతోంది. ఈ ఫ్రేముల్లో తీగలు బయటికి కనపడవు. తలకాయ దగ్గర దూరి, గొట్టాల కడుపులోంచి పోయి, వెనక చక్రం దగ్గర తేలాలి. పిల్ల ఇటు తీగ తోసి అటు అయస్కాంతం పట్టుకుని నడిపించింది. సగం వచ్చి ఎక్కడో మడతలో ఆగింది. వెనక్కి లాగింది. మళ్ళీ తోసింది. మళ్ళీ అక్కడే.

మామ వెనక గోడ దగ్గర పుల్లలు అల్లుతున్నాడు. ఒక కొస హబ్బులో, ఒక కొస రిమ్ములో, మధ్యలో రెండు పుల్లల మీంచి, మూడోదాని కింద నుంచి. చూపు చేతుల మీద లేదు. చేతులకి ఆ అవసరం లేదు. పిల్ల మెడ మీద చెమట పట్టడం చూశాడు. గడియారం చూశాడు. అరగంట. ముప్పావుగంట. ఆయన పుల్లలు ఇవాళ చకచకా పడుతున్నాయి. లోపల ఏదో తీయగా ఉంది. అదేమిటో తెలిసి కూడా పేరు పెట్టలేదు.

అప్పుడు పిల్ల లేచి కుట్టుదారం తెచ్చింది. దారం కొస ఈ రంధ్రంలో వదిలి, దుమ్ము పీల్చే మిషను మూతి ఆ రంధ్రానికి పెట్టి మీట నొక్కింది. దారం సర్రున వచ్చేసింది. దారానికి తీగ కట్టి లాగింది. అయిపోయింది.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "అమ్మో, ఏం తెలివే నీది!"

"నాది కాదు టీచర్. మామయ్య నేర్పిందే. చిన్నప్పుడు గొట్టంలోంచి దారం నోటితో పీల్చి తీసేవాడు. ఒకసారి దారంతోబాటు సాలెపురుగుని కూడా మింగేశాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. టీచరమ్మ నవ్వుతూనే ఇటు తిరిగి, "నిజమేనా మామా?" అంది.

"చిన్నదే," అన్నాడు మామ. వాళ్ళు ఇంకా నవ్వారు.

తన పేరు చెప్పకుండా ఉంటే మండేది. చెప్పినందుకు ఇంకా మండింది. పిల్ల ఇచ్చింది కాబట్టి తనకి దక్కింది. ఇచ్చేచోట ఆమె ఉంది, పుచ్చుకునేచోట తనున్నాడు. పుల్ల నట్టు ఒకటి చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. వంగి వెతుక్కున్నాడు.

రాత్రి భోజనం అక్క దగ్గరే. షాపు మీదే వాళ్ళ ఇల్లు, మామకీ అక్కడే ఓ గది. పిల్ల ఇంకా స్నానం చేసి రాలేదు. అక్క వడ్డిస్తూ, "పిల్ల వచ్చాక మీ బావ మొహంలో కళ వచ్చిందిరా," అంది.

"రంగువాడికి చెప్పాను," అన్నాడు బావ. "రేపు వస్తాడు. బోర్డు మీద కింద జాగా ఉందిగా. అమ్మాయి పేరు రాయిద్దాం. ఏమంటావు బావమరిదీ?"

మామ ముద్ద నమిలాడు.

"ఏమిట్రా, మాట్లాడవు?" అంది అక్క.

"మంచిదేగా."

"మంచిదేగా అనేదానికి అంతసేపా? నోట్లో బేరింగులేమైనా పోసుకున్నావా?"

బావ నవ్వాడు. మామ కంచం ఖాళీచేసి లేచాడు. ఆ బోర్డు కింది జాగా ఎన్నాళ్ళుగానో ఖాళీగానే ఉంది. వర్షాకాలం రాకముందు ప్రతి ఏడూ నిచ్చెనేసుకుని దాన్ని తుడిచేది తనే. ఎవరూ అక్కడ ఏదీ రాస్తామనలేదు. తనూ అడగలేదు.

శుక్రవారం ఫోర్కు కోసే రోజు.

ఫోర్కు గొట్టం పొడుగ్గా వస్తుంది. దాన్ని ఫ్రేము తలలోకి ఎక్కించి, పైన హ్యాండిల్ని పట్టుకునే స్టెమ్ము పెట్టి, ఎక్కడిదాకా కావాలో గీత పెట్టి మిగతాది కోసెయ్యాలి. గీతకి పైన కోస్తే ఇంకోసారి కోసుకోవచ్చు. కింద కోస్తే చేసేదేం లేదు. ఇనుమైతే మామ ముక్క పెట్టి అతికేవాడు. కార్బన్‌కి అతుకు లేదు.

అందుకే ఆ షాపులో ఒక పద్ధతి. బావ వాళ్ళ నాన్న పెట్టింది. ఏది కోసినా సరే, కోసేవాడి గీత పక్కన ఇంకొకరు స్వయంగా చూసి, కొలిచి, తమ గీత పెట్టాలి. రెండో గీత లేకుండా రంపం ముట్టుకోకూడదు. మామ చెవి మీద నీలం పెన్సిలు ఉండేది అందుకే. పిల్లకి ఎనిమిదేళ్ళప్పుడు ఆ పెన్సిలు ఇచ్చి, ఉత్త కర్రముక్కల మీద రెండో గీతలు పెట్టించేవాడు. "గీత దగ్గర కాదు, మొదటినుంచీ చూడు. గీతొక్కటే చూస్తే గీత ఎప్పుడూ కరెక్టుగానే ఉంటుంది," అని చెప్పేవాడు.

పిల్ల కింది బేరింగు పెట్టింది. ఫోర్కు ఎక్కించింది. పై బేరింగు పెట్టింది. దాని మీద వచ్చే నల్లటి మూత చేతిలోకి తీసుకుంది. గంట ఆకారంలో, బొటనవేలి గోరంత ఎత్తు. సరిగ్గా పదిహేను మిల్లీమీటర్లు. అప్పుడే బయటినుంచి బావ కేక.

"అమ్మాయ్! రంగువాడొచ్చాడు. అక్షరాలు ఎంత సైజు కావాలో నువ్వే చెప్పు."

ఆమె మూతని పళ్ళెంలో పెట్టి, మీద మెత్తటి కాగితం కప్పి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. పది నిమిషాలు. బయట నిచ్చెన జరిపిన చప్పుడు. బావ నవ్వు. తిరిగొచ్చేటప్పటికి ఆమె మొహం వెలిగిపోతోంది. చెంప మీద తెల్లరంగు చుక్క ఉంది, ఆమెకి తెలీదు. నేరుగా పల్చటి రింగు తీసుకుంది, గొట్టంలోకి జార్చింది. దాని మీద స్టెమ్ము పెట్టింది. టేపు చుట్టింది. నల్ల పెన్నుతో గీత పెట్టింది.

"మామయ్యా, రెండో గీత!"

మామ వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ సూటిగా ఫ్రేము తల మీద పడుతోంది. టేపు చూశాడు. గీత చూశాడు. మొదటినుంచీ చూశాడు. నల్లమూత ఉండాల్సినచోట బేరింగు వెండిలా మెరుస్తోంది. పళ్ళెంలో కాగితం గాలికి కొంచెం లేచింది. దాని కింద నల్లగా మూత అంచు. గీత పదిహేను మిల్లీమీటర్లు కిందికి పడింది.

నోటిదాకా వచ్చింది మాట. వచ్చి అక్కడే కూర్చుంది.

ఆయన స్కేలు తీసుకున్నాడు. పై నుంచి కొలిచాడు. అంకె చెప్పాడు. ఆమె రాసుకున్న అంకే అది.

"సరిపోయిందిగా?"

"నువ్వు పెట్టినచోటే ఉంది," అన్నాడు మామ.

చెవి మీంచి నీలం పెన్సిలు తీసి, నల్లగీత పక్కన సన్నగా ఒకటి గీశాడు. గీత తిన్నగా పడింది. తర్వాత చాలాసార్లు ఆయనకి గుర్తొచ్చింది అదే. వంకర పోయి ఉండాల్సింది.

వెనక గోడ దగ్గరికి వచ్చి చక్రం స్టాండులో పెట్టి తిప్పాడు. పిల్ల స్టెమ్మూ రింగూ తీసింది. ఫోర్కుని బయటికి లాగి వైసులో మెత్తగా బిగించింది. మూతికి గుడ్డ కట్టుకుంది. కార్బన్ పొడి గొంతులోకి పోకుండా గొట్టం మీద తడిగుడ్డ వేసింది. రంపం మొదటి గీటు పడింది. ఇంకా ఆపొచ్చు. పై పొరే తెగి ఉంటుంది. రెండోది. మూడోది. ఇనుమైతే కీచుమంటుంది, నలుగురూ తల తిప్పుతారు. ఇది ఎండుకర్ర కోసినట్టు మెత్తగా కోసుకుపోతోంది. మామ లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి దగ్గర ముక్క తెగి గుడ్డలో పడింది. ఆయన ముందు చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక్క వీసం వంకర లేదు దానిలో.

పిల్ల అంచు రుద్దింది. మళ్ళీ అంతా ఎక్కించడం మొదలుపెట్టింది. కింది బేరింగు. ఫోర్కు. పై బేరింగు. అలవాటుగా చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. కాగితం తీసింది.

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. మూత పెట్టింది, రింగు పెట్టింది, స్టెమ్ము పెట్టింది. గొట్టం కొస స్టెమ్ము పై అంచుకి మూడు మిల్లీమీటర్లే కిందుండాలి. ఆమె చూపుడువేలు మొదటి కణుపు దాకా దిగిపోయింది. ఆ వేలు అలాగే లోపల ఉంచి చాలాసేపు నిలబడింది. సగం పట్టు మీద హ్యాండిలు బిగించి ఏ మనిషినీ రోడ్డు మీదికి పంపరు. ఆమె ఇటు తిరిగి మామ వైపు చూసింది. అడిగేలా లేదు ఆ చూపు. ఏదో కనిపెట్టినదానిలా ఉంది. మామ వంగి చక్రం చూసుకున్నాడు.

శనివారం పొద్దున టీచరమ్మ ఎదురుగానే అయింది గొడవ. బావ ఫోనులో ఫ్రేము చేసినవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. ఇంకో ఫోర్కు అదే కొలతకి, అదే రంగుతో రావాలంటే రెండు నెలలు.

"రెండేళ్ళు నేర్చుకొచ్చావు! మూత పెట్టుకోవాలని నేర్పలేదా అక్కడ?" బావ గొంతు రోడ్డు మీదికి పోతోంది. "అసలు రెండో గీత ఎవరు పెట్టారు?"

మామ చేతిలో స్పోకు కీ ఆగింది.

"ఎవరూ పెట్టలేదు నాన్నా," అంది పిల్ల. "తొందరలో నేనే కోసేశాను."

"కోసిన ముక్కేది?"

"చెత్తలో పడేశాను. నిన్ననే బండొచ్చి తీసుకెళ్ళింది."

బావ ఫోను బల్ల మీద పెట్టాడు. ఆ షాపులో పుట్టి పెరిగిన పిల్ల రెండో గీత లేకుండా కోసిందంటే, అది మూత మర్చిపోవడం కంటే పెద్దది. మెల్లిగా అన్నాడు, ఇంకా దెబ్బగా: "బోర్డు సంగతి తర్వాత చూద్దాం. సోమవారం నుంచి కిటికీ బల్ల మీ మామయ్యది. పంక్చర్లు వేసుకో నువ్వు."

టీచరమ్మ ముందుకొచ్చింది. బల్ల మీదున్న ఫ్రేము మీద చెయ్యి వేసి, మోచెయ్యి సాగినంతవరకు సాచి, అక్కడ హ్యాండిలు ఉంటే ఎలా ఉండేదో అన్నట్టు వేళ్ళు ముడిచింది.

"పోనీలెండి," అంది. "పాతదాని మీదే వెళ్తాను. పోయినసారి నూరు దాకా వెళ్ళానుగా. మామా, నీ గుర్రానికి నూనె వేసి ఇవ్వు."

"అలాగేనమ్మా," అన్నాడు మామ.

ఆదివారం షాపు మూసి ఉన్నా మామ కిందికి వచ్చాడు. పనిముట్లు ఒక్కొక్కటే కిటికీ బల్ల మీదికి మార్చాడు. అన్నీ పాతచోట్లలో పెట్టాడు. స్పోకు కీలు మేకులకి, స్కేలు సొరుగులో. కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడు నెలలుగా ఇదే అడుగుతున్నాడు లోపల. కోరుకున్నదంతా చేతికొచ్చింది. పుల్లలు వెలుతుర్లో ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తున్నాయి. మీటాడు. అన్నీ ఒకే స్వరం. ఇంత బాగా చక్రాలు ఆయన ఎప్పుడూ కట్టలేదు. వాటిని తగిలించడానికి సైకిలు లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పిల్ల వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆప్రాను జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. కోసిన ముక్క. వేలెడంత. దాని చివర టేపు. టేపు మీద నల్లగీత సగం, నీలంగీత సగం.

"నాన్న చూడలేదులే," అంది.

మామ దాన్ని వేలితో తిప్పాడు.

"నాకు ముందే తెలియాల్సింది మామయ్యా. నెల రోజులుగా చూస్తున్నా. పుల్ల ముక్కు దాకా తెచ్చుకుంటున్నావు. మొన్న నట్టు పడిపోతే ఎంతసేపు వెతికావో. అయినా బుద్ధిలేకుండా నిన్నే పిలిచాను." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "కళ్ళు తగ్గడం తప్పేం కాదు. నాన్నకి తెలిస్తే చక్రాలు కూడా మాన్పించేస్తాడు. అందుకే చెప్పలేదు."

"తిట్లు తిన్నావు కదే."

"నాకు కొత్తా? రేపు పదింటికి కళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించాను. అద్దాలు పెట్టించుకుందాం. అద్దాలు పెట్టుకుంటే పెళ్ళికొడుకులా ఉంటావు."

"ఇప్పుడెవరిస్తారు నాకు పిల్లని."

ఆమె నవ్వింది. రుద్దినా పోని తెల్లరంగు మరక చెంప మీద ఇంకా సన్నగా ఉంది. మామ చెప్పెయ్యాలనుకున్నాడు. తలుపు వేసి ఉంది, ఎవరూ లేరు. చెప్పడానికి నోరు తెరిస్తే, "పదింటికా?" అని వచ్చింది.

సోమవారం పెద్ద రోడ్డు దాటేటప్పుడు పిల్ల ఆయన మోచెయ్యి పట్టుకుంది. గుడ్డివాళ్ళని పట్టుకున్నట్టు, కొంచెం ముందు నడుస్తూ, "మెట్టు ఉంది చూసుకో," అంటూ. మామకి మెట్టు కనపడుతోంది. మెట్టు మీద చీమలబారు కూడా కనపడుతోంది. కాలు తడుముకుంటూ ఎక్కాడు.

డాక్టరు కుర్ర మనిషి. చీకటి గదిలో కుర్చీ. ఎదురుగోడ మీద వెలుగుతున్న అట్ట.

"అక్షరాలు వచ్చా పెద్దాయనా? లేకపోతే బొమ్మలు పెడతాను."

"వచ్చు. మూడో తరగతి."

"చాలు. ఒక కన్ను మూసుకుని పై నుంచి చదవండి."

మొదటి వరుసలో ఒకే అక్షరం, అరచెయ్యంత. చదివాడు. రెండోది చదివాడు. మూడో వరుస దగ్గర ఆగాడు.

ఇక్కడ ఆగితే సరిపోతుంది. అద్దాలొస్తాయి. పిల్ల జీవితమంతా మోచెయ్యి పట్టుకుని దాటిస్తుంది. నీలంగీత పాపం వయసు మీదికి పోతుంది, మనిషి మీదికి రాదు. వెనక తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఊపిరి వినపడుతోంది. ఆయనకి కనపడకపోతే బాధపడటానికి సిద్ధంగా ఉన్న ఊపిరి అది.

"కనపడటం లేదా?" అన్నాడు డాక్టరు. "ఫరవాలేదు, ఊహించి చెప్పండి."

"ర," అన్నాడు మామ. "గ. న. ట."

"ఊఁ."

"ప. స. ల. మ. క." నాలుగో వరుస. పనిలో చేతులు నడిచినట్టు నడిచింది గొంతు, ఒక్కొక్క పుల్లా బిగించుకుంటూ. ఐదో వరుస. ఆరోది. ఆఖరి వరుస చీమ తలకాయలంత. అదీ చదివాడు. రెండో కన్ను మూసుకోమంటే మూసుకుని, మళ్ళీ మొదటినుంచీ చదివాడు. చదివి ఆగలేదు. "అట్ట కింద మూల ప్రెస్సు వాళ్ళ అంకెలున్నాయి. అవి కూడా చదవనా?"

డాక్టరు దీపం వేశాడు. "ఈ వయసులో ఈ చూపు నేనెక్కడా చూడలేదు. దగ్గరివి కూడా ఇలాగే కనపడతాయా?"

"కనపడతాయి. వెలుతురుంటే."

"ఎవరన్నారు మీకు కళ్ళు తగ్గాయని?"

మామ కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. పిల్ల గోడనానుకుని ఉంది. ఆమె మొహంలో మొదట సంతోషం వచ్చింది. నిజంగానే వచ్చింది, చూశాడు. అది వచ్చినచోటే మెల్లిగా ఆగిపోయింది.

"కనపడింది పిచ్చుకా," అన్నాడు. "మూత పళ్ళెంలో ఉంది. కాగితం కింద. నాకు కనపడింది."

డాక్టరు ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆమెనీ చూసి, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక ఆమె మెట్ల దగ్గర ఆగి అంది:

"రంపం మొదటి గీటప్పుడు?"

"అప్పుడూ."

"మొత్తం విన్నావా?"

"ముప్పై ఒకటి."

ఆమె తల ఆడించింది. ఎవరో కొలత చెబితే రాసుకున్నట్టు. తర్వాత మామయ్య అనే మాట లేకుండా అడిగింది.

"నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను. ఇప్పుడే. టీచరమ్మకి కూడా."

ఆమె నడిచింది. పెద్ద రోడ్డు దగ్గర ఆగలేదు, చెయ్యి వెనక్కి చాచలేదు. బళ్ళ మధ్య సందు చూసుకుని ఒక్కతే దాటేసి, అవతలి పక్క షాపు ముందు ఆగింది. లోపలికి వెళ్ళలేదు. ఇటు వీపు పెట్టి, బోర్డు కింద నిలబడింది.

మామ ఇవతల గట్టు మీద నిలబడ్డాడు. బళ్ళు పోతున్నాయి. ఒక్కొక్క దాని నంబరూ కనపడుతోంది. ఆమె జడలో తప్పిపోయిన పాయ కనపడుతోంది. ఆమె తల మీద బోర్డు, బోర్డు కింది భాగంలో శుక్రవారం రంగువాడు పూసి వదిలేసిన తెల్లటి జాగా. దానిమీద ఏమీ రాసి లేదు. అంతదూరం నుంచి, కుంచె లాగిన గీతలు ఒక్కొక్కటే విడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా, ఆయనకి స్పష్టంగా కనపడుతూనే ఉన్నాయి.